తొమ్మిది రోజులు కదలని నీళ్ళు

గుబ్బల నీలవేణికి కుర్చీలో కూర్చుంటే కాలు ఊపే అలవాటు. కాళ్ళూపితే ఇంటికి దరిద్రమని వాళ్ళమ్మ మంగతాయారు పాతికేళ్ళుగా తిడుతూనే ఉంది. రాజమండ్రిలో, తను పనిచేసే ల్యాబులో తిట్టేవాళ్ళు లేరు కాబట్టి అక్కడ ఆ కాలుకి అడ్డే లేదు. ఆ పొద్దున కూడా ఊగుతోంది. ఎదురుగా స్టాండుకి బిగించిన గాజు గొట్టం, దాని నిండా ఇసుక, ఇసుకలోంచి సన్నగా జారుతున్న నీళ్ళు.

సిరంజితో పైనుంచి నాలుగు చుక్కలు వేసింది. కాసేపటికి ఇసుక రేణువుల మధ్య తెల్లటి దారాలు అల్లుకున్నాయి. కింద చుక్క పడటం ఆగింది. పంపు జోరు పెంచింది. దారాలు ఇంకా బిగుసుకున్నాయి.

కాగితాల మీద దానికి ఓ పొడుగాటి నంబరుంది. ల్యాబులో మాత్రం అందరూ సాలీడు అంటారు.

గ్యాస్ బావి ముసలిదైతే లోపలి పొరలో ఒత్తిడి పడిపోతుంది. పైపుకి చిల్లు పడిందనుకోండి, బాగుచెయ్యాలంటే బావిని నీళ్ళతో నింపాలి. దప్పిక మీదున్న పొర ఆ నీళ్ళన్నీ తాగేసి, ఇక గ్యాస్ ఇవ్వనని మొరాయిస్తుంది. అందుకని పని జరిగే నాలుగు రోజులూ పొర నోటికి ఓ తాత్కాలికపు మూత వెయ్యాలి. వెయ్యడం ఎవరైనా వేస్తారు, తియ్యడంతోనే చిక్కంతా. జిగురు మందులు వేసి బావుల్ని శాశ్వతంగా పాడుచేసిన ఘనులు చాలామందే ఉన్నారు. నీలవేణి మూడేళ్ళు కూర్చుని, కాలూపుతూ, బతికున్న మూతని తయారుచేసింది. కంటికి ఆనని క్రిములు. నీళ్ళు కదిలితే గూడు అల్లుతాయి. వాటితో పంపిన మేత అయిపోయాక తొమ్మిది రోజులకి, తమ గూడు తామే తినేసి చచ్చిపోతాయి. మూత దానంతటదే పోతుంది.

మొదటిసారి దాన్ని నిజం బావిలో దింపి ఐదు వారాలైంది. ఆ బావి రాజోలు అవతల, వాళ్ళ సొంతూరు నేరేడుమెరకలోనే కావడం ఆమె అదృష్టమని అప్పుడు అందరూ అన్నారు. తొమ్మిది రోజులు దాటి చాలాకాలమైంది, బావి ఇంకా తెరుచుకోలేదు. ల్యాబు పెద్ద ఫణీంద్రగారు రోజుకి రెండుసార్లు అక్కడికి ఫోన్ చేసి వాల్వు తిప్పించి చూస్తున్నారు. అదృష్టం మాట ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

ఫోన్ మోగింది. అమ్మ.

"మన బోరు నీళ్ళు లాగట్లేదే నీలూ. మీ నాన్న మోటారు విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. మోటారుకే విసుగొచ్చింది."

"ఎండలు కదమ్మా. నీరు కిందకి పోయుంటుంది."

"ఎండలు పోయినేడు రాలేదేటి? ముందు ఏసమ్మ పంపు పోయింది. తరవాత చర్చి బోరు. నిన్న కోమట్ల వీధి, ఇయ్యాల మనది. రేషన్ షాపు కాడ వరసలో నించున్నట్టు పోతన్నాయి."

నీలవేణి పక్కనున్న కాగితం మీద చుక్కలు పెట్టింది. ఏసమ్మ పంపు. చర్చి. కోమట్ల వీధి. తమ ఇల్లు. వెనక్కి గీత గీసుకుంటూ పోతే అది గ్యాస్ బావి కంచె దగ్గర ఆగింది.

ఆమె కాలు ఆగిపోయింది.

ఆ గ్యాస్ బావి పైపుకి చిల్లు పడింది ఎనభై మీటర్ల లోతున, ఊరి బోర్లన్నీ నీళ్ళు తాగే ఇసుక పొరలో. మూత దింపేటప్పుడు అందులోంచి కాస్త బయటికి కారుతుందని ఆమెకి తెలుసు. 'తొమ్మిది రోజుల్లో చచ్చేదే కదా' అని తనే రాసి సంతకం పెట్టింది.

*

మధ్యాహ్నానికి ఊళ్ళో ఉంది. బస్సు దిగి ఇంటికి కాకుండా పేటలోకి నడిచింది. బొంతు ఏసమ్మ చేతిపంపు పక్కన ఖాళీ బిందెలు బోర్లించి, వాటి నీడలో కోడిపిల్లలు కూర్చున్నాయి. డెబ్భై ఏళ్ళ మనిషి, అరుగు మీద తాటాకు చీలుస్తోంది.

"రామ్మా, పెద్ద ఇంజినీరమ్మ. మా పంపుకి మందేస్తావేటి?"

"ఒక్కసారి కొట్టి చూస్తాను మామ్మా."

"కొట్టుకో. ఇరవై రోజుల నుంచి పేటంతా కొట్టింది, నీదొక్కటే తక్కువ."

నీలవేణి పిడి పట్టుకుని గబగబా ముప్పైసార్లు కొట్టింది. గొట్టంలో గాలి మూలిగింది. ఇంకో ఇరవై కొడితే అరచెయ్యి నిండేంత నీళ్ళు, వాటిలో సన్నటి తెల్ల పీచు. సీసాలోకి పట్టి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

పులిసిన బెల్లం వాసన.

ఆ వాసన పుస్తకంలో చదివి గుర్తుపట్టాల్సింది కాదు. సెలవులకి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆమె చేతులకి రెండు రోజులపాటు వదలకుండా పట్టుకునేదే. రొయ్యల చెరువున్న ప్రతి ఇంట్లోనూ నీలం డ్రమ్ములుంటాయి. బెల్లం, తౌడు, ఈస్టు, సంచిలో వచ్చే మంచి బ్యాక్టీరియా కలిపి రెండు రోజులు పులియబెట్టి చెరువులో పోస్తారు. నీళ్ళు పాడవకుండా ఆ బ్యాక్టీరియాయే కాపలా కాస్తుంది. పొడవాటి వెదురు గడతో ఆ డ్రమ్ములు కలపడం చిన్నప్పుడు ఆమె వంతు.

నాన్న సుబ్బారాయుడు చెరువు గట్టు మీద ఉన్నాడు. మేత చూసే పళ్ళెం పైకి లాగి, వేలెడు లేని రొయ్యపిల్లల్ని ముద్దుగా చూసుకుంటున్నాడు. పిల్లల్ని వదిలి నలభై రోజులైంది.

"నాన్నా, బావి పనికి ట్యాంకరు నీళ్ళు ఎక్కడ పట్టారు?"

సుబ్బారాయుడి మొహం వెలిగింది. ఇన్నాళ్ళకి అడిగావా అన్నట్టు.

"మన చెరువులోవే కదేటి. ఆళ్ళు రాజోలు దాకా ఎళ్ళొస్తామన్నారు. ఎందుకయ్యా, మా అమ్మాయి పనేగా, తోడుకోండన్నాను. ఊరికే ఇచ్చెయ్యలేదమ్మా, నీ కాగితం అడిగి చూశాను. ఉప్పు ఇంతకి మించకూడదని రాశావు. నా మీటరెట్టి మూడుసార్లు చూశాను. తక్కువే ఉంది. ఆళ్ళకి మజ్జిగ కూడా పోయించాను."

"బెల్లం డ్రమ్ములు ఎప్పుడు పోశావు?"

"ఆ ముందు రోజే. రెండు డ్రమ్ములు." పళ్ళెం నీళ్ళలోకి దింపుతూ ఆగాడు. "ఏం? తప్పైందా?"

సాలీడుని ఎలాంటి నీళ్ళలో కలిపి బావిలోకి దింపాలో చెప్పే ఆ కాగితంలో ఉప్పు గురించి ఉంది. నూనె గురించి, మట్టి గురించి, ఇనుము గురించి ఉంది. ఎనిమిది పేజీలు. డ్రమ్ములు కలుపుతూ పెరిగిన పిల్ల రాసిన ఆ ఎనిమిది పేజీల్లో బెల్లం మాట ఎక్కడా లేదు.

"తప్పు నాది," అంది నీలవేణి. ఆయన నమ్మలేదని మొహంలోనే తెలుస్తోంది.

*

మూడు రోజులు ల్యాబులో గాజు గొట్టాల మధ్య తిరిగింది. ఏసమ్మ పంపులోంచి వచ్చిన సాలీడు పాత సాలీడు కాదు. దానికి పెట్టిన మేత తప్ప ఇంకేదీ తినడం రాకుండా పెంచింది నీలవేణి. డ్రమ్ములో బ్యాక్టీరియా పక్కన చేరి దానికి ఆ లోటు తీర్చింది. ఏది దొరికితే అది తినడం నేర్పింది. ఇప్పుడు పారే నీళ్ళు మోసుకొచ్చే కాస్త మురికి చాలు దానికి. పంపు ఎంత లాగితే అంత మేత, అంత గూడు. బ్లీచింగు పోసి చూసింది. పై పొర చచ్చి, లోపలిది రెండింతలు బిగిసింది.

ఒక గొట్టానికి మాత్రం ఏమీ చెయ్యలేదు. చెయ్యలేదంటే గొప్ప ఆలోచనేం కాదు, పంపు చెడిపోయింది, బాగుచేసే ఓపిక లేక మూలకి నెట్టేసింది. మిగిలిన గొట్టాల్ని మాత్రం తొమ్మిది రోజులపాటు వేడిచేసింది, చల్లబరిచింది, రకరకాల మందులు పోసింది. ఏదీ కదల్లేదు. పదో రోజు మూలనున్న గొట్టాన్ని కడగడానికి తీస్తే, ఇసుకలో ఒక్క దారం లేదు. నీళ్ళు గలగలా కిందకి పోయాయి.

ఫణీంద్రగారు ఆ గొట్టాన్ని కళ్ళజోడు ఎత్తి చూశారు, దించి చూశారు.

"అంటే ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యకూడదు సార్. నీళ్ళు కదలకూడదు. బావి వాల్వు తిప్పకూడదు. ఊళ్ళో ఒక్క బోరు, ఒక్క చేతిపంపు కదలకూడదు. తొమ్మిది రోజులు. మధ్యలో ఎవరైనా లాగితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క."

"మే నెలలో?"

"అదింకా పాకుతోంది సార్. ఆలస్యమైతే పక్కూళ్ళకి పోతుంది."

"లిఫ్టు కోసం ఒకరు బటన్ నొక్కాక కూడా, రెండో మనిషి మళ్ళీ నొక్కకుండా ఉండడు. ఊరు తొమ్మిది రోజులు చేతులు కట్టుకుంటుందా?" ఫణీంద్రగారు కిటికీ వైపు తిరిగారు. "ఎండలని చెప్పి ట్యాంకర్లు పంపుదాం. నిజం చెబితే మన ప్రాజెక్టుతో పాటు నీ ఉద్యోగం కూడా ఉండదమ్మా. నేను బెదిరించడం లేదు, చెబుతున్నానంతే."

"ఎండలని చెబితే బోర్లు ఇంకా లోతుకి దింపుతారు సార్. ఇంకా లాగుతారు."

ఆయన కిటికీ దగ్గర్నుంచి వచ్చి, ఆ గొట్టాన్ని మళ్ళీ స్టాండుకి బిగించారు. "ట్యాంకర్లు ఎలాగూ పంపుతాను. వాల్వు ఎవరూ ముట్టుకోకుండా చూస్తాను," అన్నారు చివరికి. "మిగతాది నువ్వు చెప్పుకో."

*

తుఫాను షెల్టర్లో ఊరు కూడింది. నీలవేణి చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వచ్చింది. నాన్న పేరు అందులో లేదు. 'కలిపిన నీళ్ళలో తేడా వచ్చింది' అని ఉంది.

"ఏం తేడా?" ఎవరో వెనక నుంచి అడిగారు. "ఎక్కడి నీళ్ళంట?"

"అది... నేను సరిగ్గా రాసివ్వకపోవడం వల్ల..."

"నా చెరువు నీళ్ళు." సుబ్బారాయుడు లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనే తోడుకోమన్నానండి. బెల్లం నీళ్ళు. తెలియక చేశాను. తిట్టేదేదో నన్ను తిట్టండి, పిల్ల చెప్పేది మాత్రం ఇనండి."

తిట్టారు. ఊరన్నాక ఆ మాత్రం ఉంటుంది. గ్యాసోళ్ళని, రొయ్యలోళ్ళని, చదువుకున్న ఆడపిల్లల్ని వరసగా తిట్టారు. ఆయన నిలబడే ఉన్నాడు. గొంతులు కాస్త తగ్గాక ఏసమ్మ మాట్లాడింది.

"మా పంపు ఆగి నెల దాటింది. అప్పుడేమీ మీటింగెట్టలేదు మీరు. మీ మోటార్లు ఆగాక గుర్తొచ్చిందన్నమాట, నీళ్ళనేవి ఉంటాయని."

ఏసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరే. నెల ఆగినదాన్ని, తొమ్మిది రోజులు ఆగలేనా. మీరాగలరో లేదో నాకు నమ్మకం లేదు. మీ మోటార్ల ఫ్యూజులన్నీ పీకి నాకియ్యండి. పంపుల పిడులు కూడా. సంచి నా కాడుంటాది."

అలా ఊళ్ళో నలభై మూడు మోటార్ల ఫ్యూజులు, పేర్లు రాసిన గుడ్డపీలికలు కట్టుకుని ఏసమ్మ ఇంట్లో గోనెసంచిలోకి చేరాయి. చేతిపంపుల పిడులు ఆమె మంచం కింద పడుకున్నాయి. సుబ్బారాయుడు తన ఫ్యూజు అందరికంటే ముందు ఇచ్చాడు.

*

మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. ట్యాంకరు వస్తే తిరనాళ్ళలా ఉండేది. నాలుగో రోజు నుంచి ఊరికి చేతులు దురదపెట్టడం మొదలైంది. మంగతాయారు రోజుకి పదిసార్లు వంటింటి కుళాయి తిప్పబోయి నాలిక్కరుచుకునేది. మగవాళ్ళు మోటారు షెడ్ల చుట్టూ తిరిగి, స్టార్టరు డబ్బా తెరిచి, ఖాళీ గూట్లోకి చూసి, మూసి వచ్చేవాళ్ళు. నీలవేణి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. బోర్ల మధ్య పొద్దున, సాయంత్రం తిరిగేది. భూమి కింద ఏం జరుగుతోందో వినడానికి మార్గం లేదు. ల్యాబులో గొట్టం కనీసం గాజుది.

"కాలు ఆపు," అంది మంగతాయారు అన్నం వడ్డిస్తూ.

"ఆపాను కదమ్మా."

"రెండోది."

ఆరో రోజు ఎండ నలభై నాలుగు దాటింది. చెరువు జానెడు దిగింది. కాలువలు కట్టేసిన నెల, ట్యాంకరు నీళ్ళు చెరువుకి ఏ మూలకీ రావు. సుబ్బారాయుడు నీళ్ళలో గాలి కలిపే తిరుగుడు చక్రాలన్నీ ఆపకుండా ఆడించాడు, మేత సగం చేశాడు. ఉప్పు పెరుగుతోంది, అడుగున విషం పెరుగుతోంది. బోరు నీళ్ళు ఒక్క పూట కలిపితే తేరుకునే చెరువు. రొయ్యలు అమ్ముదామంటే వేలెడైనా లేవు.

ఏడో రోజు మిట్టమధ్యాహ్నం రొయ్యపిల్లలు నీళ్ళ పైకి వచ్చాయి. అంచుల వెంబడి, తలలు పైకెత్తి, వేలకి వేలు. సుబ్బారాయుడు గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

నీలవేణి ఇంట్లోకి వెళ్ళి రాగి తీగ ముక్క పట్టుకుని మోటారు షెడ్డు దగ్గరికి వచ్చింది. ఫ్యూజు లేకపోతే తీగ చాలు, ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరూ పెట్టలేదు. స్టార్టరు డబ్బా తెరిచింది.

"ఏటది?" నాన్న వెనకే వచ్చాడు.

"ఒక్క గంట. లాగితే కాస్తో కూస్తో రాకపోదు నీరు. మనది చివరి బోరు నాన్నా. గూడు ఇక్కడ పల్చగా ఉంటుంది. లెక్కేశాను."

"లెక్క ఎంతవరకు ఖాయం?"

ఆమె తీగ కొనలు వంచడం మొదలుపెట్టింది.

"ఎనిమిది పేజీల లెక్క కూడా ఏశావు కదమ్మా." గొంతులో కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది. "తొమ్మిదన్నది నువ్వా, నేనా?"

"చచ్చిపోతున్నాయి నాన్నా."

"కళ్ళు కనపడతన్నాయి నాకు. నువ్వు స్విచ్చేస్తే మోటారు మోత పేట దాకా ఇనపడుద్ది. ఏసమ్మ సంచి ఇప్పేస్తాది, సాయంత్రానికి ఊరంతా లాగుద్ది. తరవాత ఈ చెరువుంటే ఎవడికి, పోతే ఎవడికి." చెయ్యి చాపాడు. "ఇటివ్వు."

తీగ ఇచ్చేసింది. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, డబ్బా మూసి, మళ్ళీ గట్టెక్కాడు. ఆమె పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా ఇద్దరూ కదల్లేదు. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఎండ తగ్గేవేళకి చచ్చిన రొయ్యలతో నీళ్ళ అంచు తెల్లబడటం మొదలైంది. ఆయన లేచి, ఒక్కొక్క చక్రం దగ్గరికీ వెళ్ళి ఆపేశాడు.

*

పదో రోజు పొద్దున ఏసమ్మ తన మంచం కిందనుంచి మొదట తన పంపు పిడే తీసింది. అది ఆవిడ హక్కని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. ఊరంతా పేటలో ఉంది, చాలామంది అటు రావడం అదే మొదటిసారి.

"నెమ్మదిగా మామ్మా. గబగబా కొట్టకు," అంది నీలవేణి.

"నాకు చెప్తన్నావేటి నిదానం," అంది ఏసమ్మ.

ఒకటి. రెండు. మూడు. గొట్టం మూలిగింది. ఆరు. ఏడు. పదకొండోసారికి నీళ్ళు దుమికి, బోర్లించిన బిందె మీద పడి, కోడిపిల్లలు చెదిరిపోయాయి. ఏసమ్మ ముందు దోసిలి పట్టి వాసన చూసింది. తాగలేదు. సుబ్బారాయుడి వైపు దోసిలి చాపింది.

"చూడయ్యా. నీ బెల్లం పోయిందా?"

ఆయన వంగి వాసన చూశాడు. తలూపాడు.

*

రెండు రోజుల తరవాత ఫణీంద్రగారి ఫోన్. "బావి తెరుచుకుంది. మునుపటికంటే బాగా ఇస్తోంది. ఇంకా ఆరు ముసలి బావులకి అడుగుతున్నారు. నీ ఉద్యోగం గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేనూ మాట్లాడను. ఆ కాగితం మళ్ళీ రాయి."

"సాలీడునే మళ్ళీ మొదటి నుంచి పెంచాలి సార్. అది తేలేదాకా ఏ బావిలోనూ దింపను."

"సరే. కాగితం అయితే రాయి."

నీలవేణి ల్యాప్‌టాపు పట్టుకుని గట్టు మీదకి వచ్చింది. చెరువు ఎండగట్టారు. పగుళ్ళిచ్చిన అడుగున సుబ్బారాయుడు సున్నం చల్లుతున్నాడు. కడిగిన నీలం డ్రమ్ములు షెడ్డు గోడకి బోర్లించి ఉన్నాయి.

"నాన్నా, నీళ్ళలో ఇంకా ఏమేం పోస్తారు మనవాళ్ళు?"

ఆయన సున్నం చేతుల్తోనే పైకెక్కాడు. "ఎక్కడ? చెరువులోనా, బోదె కాలవలోనా?"

"అన్నిట్లో."

"బెల్లం రాశావా? తౌడు. పెరుగు పోస్తారు కొందరు. వెల్లుల్లి నూరి పోస్తారు. చికెన్ షాపు కడుగు బోదెలోకే పోద్ది. పేడ. వేపపిండి. అవతలి లంకలో కల్లు మడ్డి కూడా పోస్తారంట, నేను చూళ్ళేదు. అడగాలి." ఆలోచించాడు. "ఇయ్యన్నీ నువ్వు రాయడం కాదమ్మా. ఎక్కడికెళ్తే అక్కడోళ్ళని అడగాలి. ఆళ్ళు చెప్పాకే ట్యాంకరెట్టాలి."

ఆమె టైపు చేసింది. సాయంత్రానికి రాజోలు వెళ్ళి ప్రింటు తీయించుకుని వచ్చింది. ఎనిమిది పేజీలు పదకొండయ్యాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చివరి పేజీ తిప్పి చూశాడు. కింద ఇంజినీరు సంతకానికి ఓ గీత, కంపెనీ సంతకానికి ఓ గీత ఉన్నాయి.

"నీళ్ళెవరివో ఆళ్ళ సంతకం ఎక్కడ?"

నీలవేణి పెన్ను తీసి, ఆ రెండు గీతల పైన మూడో గీత గీసింది. పెన్ను ఆయనకిచ్చింది.

సుబ్బారాయుడు పెన్ను చెవి మీద పెట్టుకుని, కాగితాలు మోకాలి మీద సర్దుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. మాట మాటకీ వేలు పెట్టి, తొందర లేకుండా. పక్కన ఆమె కాళ్ళు రెండూ నేలకి ఆనించి కూర్చుంది.